విశాఖ నుంచి న్యూజిలాండ్: దక్షిణ దీవిని పద్ధతిగా చూసి రావడం ఎలా

న్యూజిలాండ్ వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: "అన్నీ చూశాం, కానీ కారులోంచే చూశాం." ప్లాన్ వేసేటప్పుడు పేర్లు ఎక్కువ, రాత్రులు తక్కువ పెట్టుకోవడం వల్లే అలా జరుగుతుంది. పది రాత్రులు ఉంటే ఒక్క దీవి చూడండి. అది దక్షిణ దీవి అయితే మంచు కొండలు, ఫియోర్డులు (సముద్రం చొచ్చుకొచ్చిన నిట్టనిలువు కొండ లోయలు), సరస్సులు, నక్షత్రాలు అన్నీ ఒకే దారిలో వస్తాయి. ఉత్తర దీవిలోని రోటోరువా వేడినీటి బుగ్గలు మాత్రం వదులుకోవాలి. మెరిసే పురుగుల గుహలు దక్షిణ దీవిలోని టె ఆనౌ ఊళ్లోనూ ఉన్నాయి కాబట్టి వాటికోసం ఉత్తరానికి వెళ్లనక్కర్లేదు.

ఈ మార్గదర్శి సొంతంగా కారు నడుపుకుని తిరగాలనుకునే కుటుంబాల కోసం. విశాఖలో బయలుదేరి మళ్లీ విశాఖ చేరేదాకా మొత్తం 13 నుంచి 14 రోజులు పడుతుంది.

1. ముందు నెల తేల్చుకోండి

అక్కడ రుతువులు మనకు తలకిందులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం, జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. పిల్లల సెలవులతో కలిపి చూస్తే ఇలా ఉంటుంది:

- సంక్రాంతి సెలవులు: వాతావరణం బాగుంటుంది, రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది. కానీ అక్కడివాళ్లకూ అవే సెలవులు. గదులు, కార్లు బాగా ప్రియం. కనీసం ఐదారు నెలల ముందు బుక్ చేయాలి.
- ఫిబ్రవరి, మార్చి: అన్నిటికన్నా మేలైన కాలం. వెచ్చదనం తగ్గదు, రద్దీ తగ్గుతుంది. బడి పిల్లలు లేని ఇంటివాళ్లు ఇదే ఎంచుకోండి.
- వేసవి సెలవులు (ఏప్రిల్ చివర నుంచి జూన్): మొదట్లో ఆకులు రంగు మారే శరదృతువు, చాలా అందంగా ఉంటుంది. మే నడిమికి వచ్చేసరికి ఐదు గంటలకే చీకటి పడుతుంది, కొండ దారుల్లో మంచు పేరుకోవచ్చు. మంచులో బండి నడిపిన అలవాటు లేనివాళ్లు మే చివర, జూన్‌లో సొంత డ్రైవింగ్ పెట్టుకోకండి. బస్సు టూర్లు తీసుకోండి.
- దసరా సెలవులు: వసంతం. కొండలపై మంచు ఇంకా నిండుగా ఉంటుంది, వానలు ఎక్కువ. పది రోజుల సెలవు సరిపోదు, పైన మూడు నాలుగు రోజులు కలుపుకోవాలి.

టెకపో సరస్సు చుట్టూ ఊదా, గులాబీ రంగు లూపిన్ పూలు చూడాలనుకుంటే నవంబరు నడిమి నుంచి డిసెంబరు చివరలోపే.

2. వీసా, టికెట్లు: ఈ వరుసలోనే

భారతీయ పాస్‌పోర్టుకు విజిటర్ వీసా తప్పనిసరి. అంతా ఆన్‌లైన్‌లోనే, ఈ-వీసా వస్తుంది. పాస్‌పోర్టు గడువు, మీరు అక్కడినుంచి తిరిగి బయలుదేరే రోజు తర్వాత మరో మూడు నెలలైనా ఉండాలి. గడువు దగ్గరపడితే ముందు మర్రిపాలెం పాస్‌పోర్టు కార్యాలయం పని పూర్తి చేసుకుని ఆ తర్వాతే వీసా ఫారం తెరవండి.

డబ్బు చూపించడానికి నియమం స్పష్టంగా ఉంది: ఒక్కొక్కరికి నెలకు 1,000 న్యూజిలాండ్ డాలర్లు, బస ఖర్చు ముందే చెల్లించి ఉంటే 400. ఇది కనీసం మాత్రమే. అకౌంట్‌లో వారం కిందట హఠాత్తుగా పడిన పెద్ద మొత్తం అనుమానాలకు తావిస్తుంది. ఆ డబ్బు ఎక్కడిదో కాగితం జతచేయండి.

జతచేయాల్సినవి:

- ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఆదాయపు పన్ను రిటర్నులు
- ఉద్యోగులకు సెలవు మంజూరు లేఖ, వ్యాపారులకు జీఎస్టీ లేదా రిజిస్ట్రేషన్ పత్రాలు
- రోజువారీ ప్రయాణ పట్టిక, రద్దు చేసుకునే వీలున్న గదుల బుకింగులు
- తిరిగి వస్తారనడానికి ఆధారం: ఇల్లు, భూమి పత్రాలు, పిల్లల బడి లేఖ

తెలుగులో ఉన్న పత్రం ఏదైనా, పట్టాదారు పాస్‌బుక్ లాంటిది, ఇంగ్లిష్ అనువాదంతోనే పెట్టాలి. పర్యాటకుల లెవీ 1 అక్టోబరు 2024 నుంచి 100 న్యూజిలాండ్ డాలర్లు. అది వీసా ఫీజుతో కలిపే తీసుకుంటారు.

విశాఖ నుంచి తేలికైన దారి సింగపూర్ మీదుగా. సింగపూర్ నుంచి క్రైస్ట్‌చర్చ్‌కు నేరుగా సుమారు పది గంటలు. ఇక్కడ జాగ్రత్త: మొత్తం ప్రయాణం ఒకే టికెట్‌గా తీసుకుంటే సామాను విశాఖలోనే క్రైస్ట్‌చర్చ్ దాకా చెక్-ఇన్ అవుతుంది. చవకని రెండు వేర్వేరు టికెట్లు కొంటే సింగపూర్‌లో ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి రావచ్చు. దానికి అక్కడి అనుమతి కావాలి.

చెల్లుబాటయ్యే న్యూజిలాండ్ వీసా, తర్వాతి ప్రయాణపు టికెట్ ఉన్న భారతీయులకు సింగపూర్ 96 గంటల వీసారహిత ట్రాన్సిట్ సౌకర్యం ఇస్తోంది. వీసాకు కనీసం నెల గడువు మిగిలి ఉండాలి. తుది నిర్ణయం కౌంటర్‌లోని అధికారిదే కాబట్టి పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు దీన్ని నమ్ముకోకుండా ఒకే టికెట్ తీసుకోవడం మంచిది. ఆస్ట్రేలియా మీదుగా వెళ్తే ట్రాన్సిట్‌కు కూడా వీసా అడుగుతారు.

వెళ్లేటప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లో దిగి, వచ్చేటప్పుడు క్వీన్స్‌టౌన్‌లో ఎక్కేలా టికెట్ తీసుకోండి. వెళ్లిన దారినే 480 కిలోమీటర్లు వెనక్కి రావాల్సిన పని తప్పుతుంది.

3. సామాను సర్దడం: అసలు గొడవంతా తిండి దగ్గరే

న్యూజిలాండ్ విమానాశ్రయంలో మనవాళ్లు ఇబ్బంది పడేది వీసాతో కాదు, పెట్టెలోని పచ్చళ్లతో. ఆ దేశం బతికేది వ్యవసాయం, పశుసంపద మీద. బయటి తెగులు, పురుగు రాకుండా తనిఖీ చాలా గట్టిగా చేస్తారు. నిషిద్ధ వస్తువు, అనుమానించాల్సిన వస్తువు ఉండి చెప్పకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. చేతిసంచిలో మర్చిపోయిన ఒక్క యాపిల్‌కూ అంతే, విమానంలో ఇచ్చిన పండుకూ అంతే.

సూత్రం ఒకటే: తినేది ఏదైనా ఉంటే డిక్లరేషన్‌లో "ఉంది" అని రాయండి. చెప్పినందుకు జరిమానా ఉండదు. మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు.

ఇంట్లోనే వదిలేయాల్సినవి:

- అరకు తేనె, ఇంకే తేనె అయినా సరే
- కరివేపాకు, కొత్తిమీర, పండ్లు, కూరగాయలు, పువ్వులు, పూజకు తీసే మామిడాకులు
- నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు. మాడుగుల హల్వా, పూతరేకులు కూడా నెయ్యి వల్ల ఇందులోకే వస్తాయి
- మాంసం పచ్చళ్లు, ఎండు చేపలు
- మొలకెత్తే విత్తనాలు

చెప్పి తీసుకెళ్లగలిగినవి:

- కంపెనీ సీలుతో, పదార్థాల పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్న కూరగాయ పచ్చళ్లు, పొడులు. చాలావరకు వదిలేస్తారు, ఆఖరి మాట అధికారిది
- వేయించిన కాఫీ గింజలు, కాఫీ పొడి
- ఎవరికైనా కానుకగా తీసుకెళ్లే ఏటికొప్పాక బొమ్మలు. అవి చెక్కవి కాబట్టి డిక్లేర్ చేయాలి
- ట్రెక్కింగ్ బూట్లు. అడుగున మట్టి కనిపిస్తే ఆపుతారు. పాత టూత్‌బ్రష్‌తో గాళ్లలోని మట్టంతా తోమి, ఆరబెట్టి పెట్టండి

ఇంట్లో చేసిన ఆవకాయ సీసా మీద లేబుల్ ఉండదు, అందుకే అది అనుమానంలో పడుతుంది. వదిలేయడమే మంచిది.

డిక్లరేషన్ ఆన్‌లైన్‌లో ప్రయాణానికి 24 గంటల ముందు నుంచి నింపొచ్చు. ఇది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగిన వెబ్‌సైట్ ఏదైనా మధ్యవర్తిదే, మూసేయండి.

బట్టల్లో మందపాటి కోటు ఒకటి కాకుండా పొరలుగా వేసుకునేవి పెట్టుకోండి: లోపల థర్మల్, పైన ఫ్లీస్, ఆపైన గాలి, వాన ఆపే జాకెట్. జనవరిలో కూడా ఈ మూడూ ఒకే రోజు కావాల్సి వస్తుంది. చల్లగా ఉంది కదా అని ఎండను తేలిగ్గా తీసుకోకండి. అక్కడి అతినీలలోహిత కిరణాల తీవ్రత ఎక్కువ, అరగంటలో చర్మం మండుతుంది. ఎస్‌పీఎఫ్ 50 క్రీము, టోపీ, కళ్లద్దాలు తప్పనిసరి.

కరెంటు మనలాగే 230 వోల్టులు, ప్లగ్గు మాత్రం వేరు: ఏటవాలుగా ఉండే బల్లపరుపు పుల్లలు. ఒక అడాప్టరు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లినా పనిచేస్తుంది.

4. కారు: అద్దె, లైసెన్సు, రోడ్డు నియమాలు

మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, కాబట్టి సగం భయం అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్సు చెల్లుతుంది. అయినా కొన్ని అద్దె సంస్థలు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అడుగుతాయి. మాధవధార ఆర్టీఏ కార్యాలయంలో తీసుకుని ఉంచుకోండి, ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సు కార్డు వెంట ఉండాలి, ఫోన్‌లో బొమ్మ చాలదు.

కారు తీసుకునేటప్పుడు:

1. పూర్తి బీమా తీసుకుని, ప్రమాదంలో మీ జేబు నుంచి ఎంత కట్టాలో అడగండి. సున్నాకు తగ్గించే ప్యాకేజీ ఖర్చెక్కువే, కానీ కంకర ఎగిరి అద్దం పగలడం అక్కడ మామూలు.
2. నలువైపులా, టైర్లు, అద్దం, పైకప్పు వీడియో తీయండి.
3. కంకర రోడ్ల మీద బీమా వర్తిస్తుందా అని అడగండి. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిప్పర్స్ రోడ్డుకు అద్దె కార్ల బీమా ఉండదు.
4. పెట్రోలా డీజిలా అన్నది మూత మీద చూసి ఫోటో తీసుకోండి. బంకుల్లో మనమే కొట్టుకోవాలి.
5. పిల్లల సీటు ముందే బుక్ చేయండి. ఏడేళ్లు నిండేదాకా తప్పనిసరి.

రోడ్డు మీద మనవాళ్లు తడబడేది ఒంటి వరుస వంతెనల దగ్గర. వంతెన ముందు గుండ్రటి బోర్డులో మీరు వెళ్లే దిశ చూపే బాణం చిన్నగా ఎర్రగా ఉంటే మీరే ఆగి దారివ్వాలి. నీలం చతురస్రంలో మీరు వెళ్లే దిశ చూపే తెల్లటి పెద్ద బాణం ఉంటే ముందు హక్కు మీది, అయినా ఎదుటివాడు ఆగాడో లేదో చూసుకునే కదలండి.

స్టాప్ బోర్డు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రం పూర్తిగా ఆగాలి. ఊరి బయట గరిష్ఠ వేగం 100, ఊళ్లో సాధారణంగా 50 కిలోమీటర్లు. మలుపుల ముందు పసుపు బోర్డు మీద 45 అని ఉంటే నిజంగా 45కే తగ్గండి. వెనక కార్లు పోగుపడితే స్లో వెహికల్ బే (నెమ్మదిగా వెళ్లే బండ్ల కోసం రోడ్డు పక్కన ఇచ్చిన జాగా) రాగానే పక్కకు జరిగి దారివ్వండి. హారన్ కొట్టడం మర్యాద కాదు.

మరొకటి: గాలి విసురుకు కారు తలుపు వెనక్కి విరుచుకుపోవడం అక్కడ తరచూ జరుగుతుంది. కొండల దగ్గర కారును గాలికి ఎదురుగా నిలిపి, తలుపును చేత్తో గట్టిగా పట్టుకునే తెరవండి. పిల్లలను తెరవనివ్వకండి.

5. పది రాత్రుల క్రమం

- క్రైస్ట్‌చర్చ్: 1 రాత్రి
- టెకపో: 1
- అయోరాకి మౌంట్ కుక్ లేదా ట్వైజెల్: 2
- క్వీన్స్‌టౌన్: 1
- టె ఆనౌ: 3
- క్వీన్స్‌టౌన్: 2

టె ఆనౌకు మూడు రాత్రులు ఎందుకంటే అక్కడినుంచి మిల్ఫర్డ్ సౌండ్ అనే ఫియోర్డుకు వెళ్లే దారి ఎప్పుడు మూసేస్తారో ముందే చెప్పలేం. ఒక రోజు పోయినా ఇంకో రోజు చేతిలో ఉండాలి. ఇది తగ్గించి ఇంకో ఊరు ఇరికించడమే ఈ ప్రయాణాల్లో పెద్ద తప్పు.

మొదటి రోజు, క్రైస్ట్‌చర్చ్. దిగిన రోజు దూరం నడపకండి. మనకూ వాళ్లకూ తేడా ఆరున్నర గంటలు, వాళ్ల ఎండాకాలపు గడియారంలో ఏడున్నర. మధ్యాహ్నం చక్రం వెనక కునుకు వచ్చేస్తుంది. బొటానిక్ గార్డెన్స్‌లో నడిచి, ఇండియన్ షాపులో బియ్యం, కందిపప్పు, నూనె, పెరుగు కొనేసుకోండి. ముందు ఊళ్లలో ఇవి దొరకడం కష్టం.

టెకపో. సుమారు 230 కిలోమీటర్లు, మూడు గంటలు. సరస్సు పాలు కలిపిన నీలంలా కనిపిస్తుంది. హిమానీనదాలు రాళ్లను పిండిలా నూరి నీళ్లలో కలుపుతాయి, ఆ పొడి మీద ఎండ పడి ఆ రంగు వస్తుంది. మబ్బు పడితే రంగు మాయం. అందుకే మధ్యాహ్న వేళకు చేరేలా చూసుకోండి.

అసలు సంగతి రాత్రి. ఈ ప్రాంతం 2012 నుంచి అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వు, అంటే దీపాల వెలుగు తగ్గించి చీకటి ఆకాశాన్ని కాపాడే చోటు. మే నెల సాయంత్రాల్లో మన బీచ్ రోడ్డు నుంచి దక్షిణాన సముద్రం మీద చాలా కిందగా కనిపించే త్రిశంకు నక్షత్రాలు ఇక్కడ అస్తమించనే అస్తమించవు. మెగల్లాన్ మేఘాలనే రెండు పొరుగు గెలాక్సీలు మామూలు కంటికే తెల్లటి మసకలా కనిపిస్తాయి. ధ్రువ నక్షత్రం కోసం వెతకొద్దు, అది ఈ ఆకాశంలో లేదు.

చూసే పద్ధతి: అమావాస్యకు అటూ ఇటూ ఐదు రోజుల్లో ఈ రాత్రి పడేలా బుక్ చేయండి. ఊరి దీపాలకు దూరంగా వెళ్లి ఇరవై నిమిషాలు ఫోన్ తెరవకుండా నిలబడండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా సగం నక్షత్రాలు కనిపించవు. జనవరిలో పూర్తి చీకటి పడేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. పిల్లలను సాయంత్రం కాసేపు పడుకోబెట్టండి.

అయోరాకి మౌంట్ కుక్. టెకపో నుంచి 105 కిలోమీటర్లు. 3,724 మీటర్ల శిఖరం. గ్రామంలో గదులు తక్కువ, ధర ఎక్కువ. 65 కిలోమీటర్ల దూరంలోని ట్వైజెల్‌లో వంటగది ఉన్న మోటెల్ దొరుకుతుంది. పెట్రోలు అక్కడే నింపుకోండి.

ఎవరు ఏ నడక:

- పెద్దవాళ్లతో: కియా పాయింట్, రానుపోను గంట
- మోకాళ్లు బాగున్నవారికి: టాస్మన్ హిమానీనదం వ్యూ పాయింట్. 300కు పైగా మెట్లు, రానుపోను నలభై నిమిషాలు
- ఓపిక ఉన్నవారికి: హుకర్ వ్యాలీ. మొత్తం 10 కిలోమీటర్లు, మూడు గంటలు, దాదాపు చదును దారి. వంతెన పనుల వల్ల దీన్ని మధ్యలోంచి మూసిన రోజులు ఉన్నాయి. డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్సర్వేషన్ (అక్కడి ప్రకృతి సంరక్షణ శాఖ) సైట్‌లో బయలుదేరే వారమే చూసుకోండి

శిఖరం పొద్దున్నే ఎక్కువగా కనిపిస్తుంది, మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది. నడకలు తొమ్మిదిలోపు మొదలుపెట్టండి.

క్వీన్స్‌టౌన్. ఇక్కడ డబ్బు ఇట్టే కరిగిపోతుంది, ఒక్కొక్కరికి ఒక్కటే ఎంచుకోండి. ప్రపంచంలో మొదటి వాణిజ్య బంగీ (కాళ్లకు సాగే తాడు కట్టుకుని ఎత్తునుంచి దూకడం) 1988లో కవరౌ వంతెన మీద మొదలైంది, 43 మీటర్లు. దూకకపోయినా పక్కనుంచి ఉచితంగా చూడొచ్చు. పిల్లలకు గొండోలా (కేబుల్ కారు) ఎక్కి కొండ మీద లూజ్ అనే, వాలులో జారే చిన్న బండ్లు, పెద్దలకు 1912 నాటి బొగ్గు ఆవిరి నౌక ఎర్న్‌స్లా. రక్తపోటు, వెన్నునొప్పి ఉన్నవాళ్లు జెట్ బోటు జోలికి పోవద్దు.

6. మిల్ఫర్డ్ సౌండ్ రోజు: గంటల లెక్క

క్వీన్స్‌టౌన్ నుంచి ఒకే రోజులో వెళ్లిరావచ్చని ప్యాకేజీల్లో రాస్తారు. అది వెళ్లేటప్పుడు 288, వచ్చేటప్పుడు 288 కిలోమీటర్లు. సొంత కారులో అలా చేయకండి. టె ఆనౌ నుంచి 118 కిలోమీటర్లే, దాదాపు విశాఖ నుంచి అరకు అంత. ఘాట్ రోడ్డు కూడా అలాంటిదే, కాబట్టి ఆగకుండా వెళ్లినా రెండున్నర గంటలు పెట్టుకోండి.

1. ముందురోజు సాయంత్రం: ట్యాంకు నింపండి. రోడ్డు తెరిచి ఉందో లేదో చూసి, ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. టె ఆనౌ దాటితే చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.
2. పొద్దున 7: పులిహోర, ఫ్లాస్కులో కాఫీ కట్టుకుని బయలుదేరండి. దారిలో హోటళ్లు లేవు.
3. వెళ్లేటప్పుడు ఎక్కడా ఆగకండి. ఫోటోలన్నీ తిరుగు దారిలో. ఎగ్లింటన్ లోయలో ఆగి ఆలస్యమై పడవ తప్పిపోవడం అందరూ చేసే పొరపాటు.
4. హోమర్ సొరంగం: 1.2 కిలోమీటర్లు, లోపల చీకటి, వాలు. హెడ్‌లైట్లు వేసి, కూలింగ్ గ్లాసులు తీసేయండి. సిగ్నల్ దగ్గర ఇరవై నిమిషాల దాకా ఆగాల్సి రావచ్చు.
5. పడవ 10:30 ప్రాంతంలోది తీసుకోండి. క్వీన్స్‌టౌన్ బస్సులు మధ్యాహ్నానికి వస్తాయి, ఆలోపే మీది ముగుస్తుంది. పార్కింగు నుంచి రేవుకు నడక ఉంటుంది, కాబట్టి నలభై నిమిషాల ముందే చేరండి.

వాన పడుతోందని రద్దు చేసుకోవద్దు. ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వాన కురిసే చోటు అది. నిట్టనిలువు రాతిగోడల మీద నీరు నిలవదు, వాన మొదలైన కాసేపటికే వందల తాత్కాలిక జలపాతాలు దిగుతాయి. ఎండ రోజున మిగిలేవి రెండు శాశ్వత జలపాతాలే: 151 మీటర్ల స్టిర్లింగ్, 162 మీటర్ల లేడీ బోవెన్. పడవ స్టిర్లింగ్ కిందికి వెళ్లినప్పుడు ముందు డెక్ మీద ఉన్నవాళ్లు తడిసి ముద్దవుతారు; ఫోన్ లోపల పెట్టేయండి.

శాండ్‌ఫ్లైలనే చిన్న నల్లటి ఈగలు కుడితే వారం దురద. నిండు చేతుల చొక్కా, మేజోళ్లు వేసుకుని, డీట్ (పురుగులను దూరంగా ఉంచే మందు) ఉన్న క్రీము చీలమండలకు రాయండి. సొరంగం దగ్గర కియా అనే పచ్చటి కొండ చిలుకలు కారు మీద వాలి రబ్బరు పీకుతాయి. ముచ్చటగా ఉన్నాయని తిండి పెట్టకండి. మనుషుల తిండి వాటికి జబ్బు తెస్తుంది, ఆ అలవాటే వాటిని కార్ల కింద పడేస్తుంది.

మే నుంచి నవంబరు దాకా ఈ దారిలో మంచు గొలుసులు కారులో ఉండాలి. వేయడం రాకపోతే బస్సులో వెళ్లండి.

7. చిక్కు వస్తే

- దారి మూసేశారు: టె ఆనౌలో మిగిలిన రోజుకు పడవ మార్చమని వెంటనే ఫోన్ చేయండి. ఆ రోజు గుహలు, సరస్సు ఒడ్డు నడక పెట్టుకోండి.
- దెబ్బ తగిలింది: ప్రమాదంలో గాయపడితే పర్యాటకుల చికిత్సకూ ప్రభుత్వ పథకం సాయం చేస్తుంది. జ్వరం, గుండె నొప్పి లాంటి అనారోగ్యాలకు మాత్రం చేయదు. ప్రయాణ బీమా లేకుండా పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. అత్యవసరానికి 111.
- తిండి దొరకలేదు: చిన్న ఊళ్లలో వంటశాలలు రాత్రి ఎనిమిదికే మూసేస్తారు. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.
- బరువులో తేడా: బంగీ, హెలికాప్టర్ దగ్గర అక్కడికక్కడే తూస్తారు. బుకింగులో తక్కువ రాస్తే ఎక్కనివ్వకపోవచ్చు.

8. తిరుగు ప్రయాణం

కారు ఇచ్చేముందు ట్యాంకు నింపి, బంకు రసీదు దాచుకోండి. మళ్లీ వీడియో తీయండి. పర్యాటకులకు జీఎస్టీ వాపసు అక్కడ లేదు, కాబట్టి బిల్లులు పోగేసుకోనక్కర్లేదు.

క్వీన్స్‌టౌన్ విమానాశ్రయం కొండల మధ్య ఉంటుంది. మబ్బు, గాలి వల్ల విమానాలు ఆలస్యమవుతాయి, రద్దూ అవుతాయి. అక్కడినుంచి ఆక్లండ్ లేదా క్రైస్ట్‌చర్చ్ చేరి సింగపూర్ విమానం ఎక్కాలంటే రెండూ ఒకే టికెట్‌లో ఉండాలి. వేర్వేరు టికెట్లు అయితే ఆఖరి రాత్రిని క్వీన్స్‌టౌన్‌లో కాకుండా అంతర్జాతీయ విమానం ఎక్కే ఊళ్లోనే పెట్టుకోండి.